కొనేదాని దిక్కు చూడొద్దు

పోయిన వారం మనం మాలతిని ఒక నల్లటి తెర ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. కరెంటు పోలేదు. ల్యాప్‌టాప్ పోయింది.

ఆ వారం పత్రిక దొరకనివాళ్ల కోసం సంగతి చెప్పుకోవాలి. పెబ్బేరులో ఉండే మాలతి గద్వాల చీరలకు అంచులూ కొంగులూ ల్యాప్‌టాప్ మీద గీస్తుంది. ఆమె గీసిన గళ్లను బట్టే అక్కడ మగ్గం మీద పోగులు లేస్తాయి. ఇన్నాళ్లూ పాత చీరలు చూసి దించడమే పని. మొదటిసారి, గద్వాలలో మగ్గాలు నడిపించే ప్రశాంత్ "ఈసారి నీ సొంతంగ గీయి అక్కా, నచ్చితే మగ్గాలన్ని దానికే కట్టిస్త" అన్నాడు. శనివారం దాకా గడువిచ్చాడు. అందరూ నెమళ్లు గీస్తారని మాలతి జొన్న కంకులు ఎత్తుకుంది. అంచు అయిపోయింది. కొంగు సగానికి వచ్చింది. అప్పుడు తెర నల్లబడింది. పక్కనే ఉన్న భర్త శ్రవణ్ కుమార్ ఆ నలుపును కాసేపు పరిశీలించి, "ఒక్క వారం ఆగుదాం, రేటు తగ్గుతది" అన్నాడు.

శ్రవణ్ కుమార్ వనపర్తిలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఆగడంలో మంచి అనుభవం ఉన్నవాడు. ఉగాదికి ల్యాప్‌టాప్ కొందామంటే, బడులు తెరిచేటప్పుడు ఆఫర్లుంటాయన్నాడు. బడులు తెరిచారు. ఆగస్టు పదిహేనుకు చూద్దామన్నాడు. జెండా ఎగిరింది. దసరా దగ్గర్లోనే ఉందిగా అన్నాడు. దసరాకు ధర నిజంగానే తగ్గింది. తగ్గుతున్న వస్తువును మధ్యలో కొనడమేమిటి, ఇంకా తగ్గుతుంది కదా అని ఆగాడు. తర్వాత పెరిగింది. పెరిగినప్పుడు కొనేవాడు పిచ్చివాడని ఆగాడు. ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ ధర తగ్గితే అది 'టింగ్' మంటుంది. ఇంక దేనికీ మోగదు. ఆ టింగ్ విన్నప్పుడు అతని ముఖంలో వచ్చే వెలుగు పెళ్లి ఫొటోల్లో కూడా లేదని మాలతి అభిప్రాయం.

దీనికి తోడు నాగర్‌కర్నూల్‌లో అతని బావ గణేష్ ఒకడున్నాడు. ఎవరు ఏది కొన్నా, ఎంతకు కొన్నా, అంతకన్నా తక్కువకు ముందే కొని ఉండటం గణేష్ ప్రత్యేకత. ల్యాప్‌టాప్ కూడా కొన్నాడు. ఎంతకు కొన్నాడో అందరికీ తెలుసు. ఆ ల్యాప్‌టాప్‌ను మాత్రం ఎవరూ చూడలేదు.

అయితే ఆగడం శ్రవణ్ కనిపెట్టిన విద్య కాదు, తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. కురుమయ్య పెబ్బేరు పశువుల సంతలో బేరగాడిగా పేరు మోసినవాడు. ఆయన ఇంటికి ఎవరు వచ్చినా ముందు టీవీ కింద ఉన్న కుట్టుమిషను చూపిస్తాడు. చాయ్ తర్వాత వస్తుంది. "గీ మిషను కోసం ఎన్నేండ్లు ఆగిన్నో ఎరుకేనా? సగం రేటుకు దెచ్చిన. సగం!" అంటాడు. వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. ఆ మిషను మీద ఏం కుట్టారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. దాని మీద టీవీ ఉంది గదా, టీవీ చూసి వెళ్లిపోతారు.

ఈ పొద్దున వనపర్తి నుంచి కంప్యూటర్ల దుకాణం తన్వీర్ మాలతికి ఫోన్ చేశాడు. "మేడం, కిందటేడు మోడల్ బూడిద రంగుది ఒక్కటే మిగిలింది. కొత్తవి వచ్చినయ్ గాబట్టి దీని రేటు దించిన. మళ్ల వచ్చే స్టాకు పిరం. లోపల వేసే మెమొరీ రేటు పెరిగింది. కావాలంటె ఈ దినమే రాండ్రి."

ఆ మాటతో ఇంట్లో చర్చ మొదలైంది. మాలతి ఏడవలేదు, అరవలేదు. పాత ల్యాప్‌టాప్‌ను, దాని మూత ఊడకుండా పెట్టే బట్టల క్లిప్పుతో సహా సంచిలో పెట్టుకుని గడపలో నిలబడింది. శ్రవణ్ సెలవు పెట్టాడు. కురుమయ్య ఆకుపచ్చ తువ్వాలు భుజాన వేసుకుని నాయకత్వం తీసుకున్నాడు. అత్త లక్ష్మీదేవమ్మకు కళ్లద్దాల కాడ విరిగింది, అది వనపర్తిలోనే వేయించాలి. ఆమె కూడా బయల్దేరింది.

బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు. మగవాళ్ల రెండు టికెట్లూ తీసుకుంటూ శ్రవణ్ కండక్టరు వైపు, ఆఫర్ ఏమన్నా ఉందా అన్నట్టు చూశాడు. లేదు.

"ఇనుండ్రి," అన్నాడు కురుమయ్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి. "దుకాణంల అడుగువెట్టినంక మనం కొనేదాని దిక్కు ఒక్కలు గూడ చూడొద్దు. ఎద్దు మీద మనసు వడ్డదని అమ్మేటోనికి తెలిసిందా, ఇగ అయిపాయె. రేటు దించడు."

"మరి ఏం చూడాలె మామా?" అంది మాలతి.

"దాని పక్కదాన్ని చూడాలె. దాంట్ల తప్పులు తియ్యాలె. మొకం జర పుల్లగ వెట్టాలె."

శ్రవణ్ కొత్తగా పెట్టుకోనవసరం లేదు. టికెట్లు తీసుకున్నప్పట్నుంచీ అతని ముఖం అలాగే ఉంది.

"మనమందరం అటు చూస్తుంటె, ఇటు దాన్ని ఎవలన్న ఎత్కవోతే?" అంది లక్ష్మీదేవమ్మ.

"నీకు బేరం తెల్వదు. నువ్వు పోయి అద్దాలు బాగుచేయించుకో, సాలు."

లక్ష్మీదేవమ్మ కిటికీ వైపు తిరిగింది. తన్వీరే ఫోన్ చేసి రమ్మన్నాడు కాబట్టి, వీళ్లు ఏది కొనడానికి వస్తున్నారో అతనికి ముందే తెలుసు. ఈ చిన్న విషయం కురుమయ్య పథకాన్ని ఏమాత్రం కదిలించలేదు.

తన్వీర్ దుకాణం బస్టాండు ఎదుటి సందులో ఉంది. పక్కనే కళ్లద్దాల దుకాణం. లక్ష్మీదేవమ్మ అందులోకి వెళ్లింది. మిగతా ముగ్గురూ తన్వీర్ దుకాణంలోకి, కొనడానికి కాకుండా వర్షానికి నిలబడ్డవాళ్లలాగా ప్రవేశించారు. బయట ఎండ కాస్తోంది.

రెండో అరలో బూడిద రంగు ల్యాప్‌టాప్ ఉంది. అది ఉందని ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ చూడలేదు. కురుమయ్య దాని పక్కన ఎర్రదీపాలు మినుకుమంటున్న పెద్ద ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డాడు. మాలతి ఒక ప్రింటరును ఎంత శ్రద్ధగా చూసిందంటే, కౌంటర్లో ఉన్న తన్వీర్ చెల్లెలు ఉమేరా లేచి దాని ధర చెప్పి, రంగులు ఎన్నాళ్లొస్తాయో కూడా చెప్పింది. శ్రవణ్ ఒక మౌసు చేతిలో పట్టుకుని, అదే మౌసు ఫోన్లో ఎంతకుందో చూస్తున్నాడు.

"వయసెంత దీనిది?" అన్నాడు కురుమయ్య.

"ఈ ఏడే వచ్చింది కాకా," అన్నాడు తన్వీర్. "ఆటలాడేటోళ్లు కొంటరు."

కురుమయ్య మూత పైకెత్తాడు. వంగి మీటలన్నీ ఎడమ నుంచి కుడికి చూశాడు. రెండు నొక్కాడు. "పండ్లు జర చిన్నగున్నయ్."

"అందరికి గంతే ఉంటయి కాకా."

"ఈపు మీద చెయ్యి వెట్టు. కాలుతుంది. జొరమున్నట్టుంది."

"పొద్దుగాల్నించి నడుస్తుంది గద."

"ఇగో, ఈ మూల ఏందిది? సుడా?"

"స్టిక్కరు."

"సుడి ఈ మూలకుంటె ఇంటికి మంచిది గాదు."

తన్వీర్ స్టిక్కరు పీకేశాడు. కురుమయ్య కాస్త ఇబ్బంది పడ్డాడు. సంతలో ఇంతవరకూ ఏ ఎద్దు సుడినీ ఎవరూ పీకి చూపించలేదు.

ఇంతలో వెనక ఎక్కడో అట్టపెట్టె లాగిన చప్పుడైంది. టేపు చింపిన చప్పుడైంది. ఉమేరా ఎవరితోనో మెల్లగా ఏదో అంది. మాలతి మెడ అటు తిరగబోయింది. కురుమయ్య దగ్గాడు. మెడ ఆగిపోయింది. ప్రింటరు మూత తెరిచి మూసింది. మళ్లీ తెరిచింది. ఆ ప్రింటరు గురించి ఇప్పుడు వనపర్తిలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

చివరికి కురుమయ్య భుజం మీది తువ్వాలు తీశాడు. తన్వీర్ చేయి అందుకుని, రెండు చేతుల మీదా తువ్వాలు కప్పాడు. పక్కవాళ్లకు తెలియకుండా వేళ్లు నొక్కి ధర చెప్పుకోవడం సంత పద్ధతి. ఇక్కడ పక్కవాళ్లు సొంత కొడుకూ కోడలే. అయినా పద్ధతి పద్ధతే. తన్వీర్ తండ్రి బాబా అదే సంతలో మేకలమ్మినవాడు. అందుకని తన్వీర్ నవ్వకుండా చేయి ఇచ్చాడు.

"ఎర్రది వద్దు తియ్యి," అన్నాడు కురుమయ్య పైకప్పు చూస్తూ. "దాని పక్కన బూడిదదేదో ఉన్నట్టుంది. మాకు అక్కరలేదు. ఊకె అడుగుతున్న." తువ్వాలు కింద వేళ్లు కదిలాయి.

తన్వీర్ ఆ వేళ్లన్నీ పూర్తయ్యేదాకా ఆగాడు.

"మంచిగనే నొక్కిండ్రు కాకా. గని అది అమ్ముడువోయింది."

అప్పుడు ముగ్గురూ మొదటిసారిగా రెండో అరవైపు చూశారు. ల్యాప్‌టాప్ ఉండాల్సిన చోట దుమ్ము పట్టని చదరం ఒకటి ఉంది.

"ఎప్పుడు?" అన్నాడు శ్రవణ్.

"ఇప్పుడే సార్. కాక ఎర్రదాని పండ్లు చూస్తున్నప్పుడు."

మాలతి ప్రింటరు మూత మూసింది. ఆమెకు కళ్ల ముందు కనిపించింది దుమ్ములేని ఆ చదరం కాదు, సగంలో ఆగిన కొంగు. సగం కంకులకు గింజలున్నాయి. మిగతా సగానికి కాడలు కూడా లేవు. ఇంకో ల్యాప్‌టాప్ వెతికేలోపు శనివారం వెళ్లిపోతుంది. ప్రశాంత్ మంచివాడే కాని మగ్గాలు ఖాళీగా ఉంచేవాడు కాదు. వాటి మీద ఇంకెవరివో నెమళ్లు ఎక్కుతాయి.

"ఎవలు కొన్నరు?" అంది.

"కొన్నామె ఇంక ఈన్నే ఉన్నది మేడం."

తన్వీర్ చూపించిన వైపు కూలరు పక్కన స్టూలు మీద, కొత్త కాడ వేసిన కళ్లద్దాలు పెట్టుకుని, ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని, ఉమేరా తెప్పించిన చాయ్ ఊదుకుంటూ కూర్చుని ఉంది లక్ష్మీదేవమ్మ.



"అమ్మా," అన్నాడు శ్రవణ్, "నువ్వు కొన్నవా?"

"ఆఁ. పాలమ్మి కూడవెట్టిన పైసలున్నయి గద."

"బేరం చేసినవా?"

"చెయ్యలే."

శ్రవణ్ మౌసుల అర పట్టుకున్నాడు. కురుమయ్య తువ్వాలు కింద పడింది. ఎవరూ తీయలేదు.

"దాని ముంగట నిలవడ్డ," అంది లక్ష్మీదేవమ్మ. "దాని దిక్కే చూసిన. నాకు గిదే గావాలె, ఈ దినమే గావాలె అన్న. ఈ పోరి రేటు జెప్పింది. ఇచ్చిన."

"పెద్దమ్మ అడగకున్నా సంచి ఊరికె ఇచ్చినం," అంది ఉమేరా, ఏదో కొంతైనా ఊరట కలిగిద్దామని.

"వచ్చే నెల తగ్గుతుండెనే అమ్మా!"

"తగ్గనియ్యి రా. తగ్గినప్పుడు నువ్వొచ్చి చూసి పో."

కురుమయ్య అప్పటికి తేరుకున్నాడు. "గింత సంత చేసినోన్ని, నా పెండ్లమే గిట్ల అడిగిన కాడికి ఇచ్చొస్తె, రేపు పెబ్బేరుల నా మొకం ఏడ వెట్టుకోవాలె? ఆగాలెనే లచ్చిందేవీ! ఆగుడే గద బేరమంటె. కుట్టుమిషను యాదికి లేదా? ఆగి, ఆగి, సగం రేటుకు దెచ్చిన!"

లక్ష్మీదేవమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. పెట్టె మాత్రం ఒళ్లోంచి దించలేదు.

"యాదుంది. నువ్వే మర్చిపోయినవ్."

"నేనా?"

"పెండ్లయి వచ్చిన కొత్తల అడిగిన. జాకెట్లు కుడుత, వాడకట్టంత నాకే ఇస్తమన్నరు అని జెప్పిన. పంట రానీ అన్నవ్. వచ్చింది. పెండ్లిళ్లు ఒడిసినంక రేటు దిగుతది అన్నవ్. ఒడిసినయ్. కొత్తరకం మిషన్లు వస్తయి, పాతయి అగ్గువైతయి అన్నవ్. అయినయ్. దెచ్చినవ్. దెచ్చిన దినం దాని ముంగట కూసున్న." ఆగింది. "సూదిల దారం ఎక్కలే."

"ఎందుకెక్కలే?"

"కండ్లు మసకయినయ్ గద. వాడకట్టోళ్లు గూడ అప్పటికే జమ్ములమ్మ తాన కుట్టిచ్చుకుంటుండ్రి. సగం రేటు మిషనొచ్చింది గని, గిరాకి వోయింది."

"మరి నాకు జెప్పకపోతివి?"

"అద్దాలు చేయించుకుని వచ్చి చెప్దామనుకున్న. వచ్చేవరకు నువ్వు దాని మీద టీవీ వెట్టినవ్."

కురుమయ్య పక్కనే ఉన్న ఎర్ర ల్యాప్‌టాప్ మూత మెల్లగా వేశాడు. దాని పండ్లు ఇక ఎవరూ చూడనవసరం లేదు. వంగి తువ్వాలు తీసుకుని దులిపాడు. దులపాల్సినదానికన్నా ఎక్కువసేపు దులిపాడు.

"ఆ మిషను ఇప్పుడు నడుస్తదా?" అన్నాడు చివరికి.

"టీవీ దించితే ఎరుకైతది," అంది లక్ష్మీదేవమ్మ. పెట్టె తీసి కోడలి చేతిలో పెట్టింది. "ఇంద బిడ్డా. నీ కండ్లు మంచిగున్నప్పుడే గీసుకో."

మాలతి పెట్టె తీసుకుంది. థాంక్స్ చెప్పాలనుకుంది. ఇంట్లోవాళ్లకు ఆ మాట చెప్పే అలవాటు లేక, అత్త కొంగు చెదిరి ఉంటే సర్దింది.

తర్వాత పనంతా తన్వీర్‌ది. పాత ల్యాప్‌టాప్‌కున్న బట్టల క్లిప్పు తీసి పక్కన పెట్టి, వెనకవైపు మరలు విప్పాడు. లోపల్నుంచి చిన్న పలక లాంటి డిస్కు ఊడదీశాడు. ఒక వైరుతో కొత్తదానికి తగిలించాడు. తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. ధరలు తగ్గడాన్ని తప్ప దేన్నీ ఇంత ఆత్రంగా చూడని శ్రవణ్, ఆ గీత ముందుకు పోవాలని పెదాలు కదుపుతున్నాడు. మధ్యలో గీత ఆగింది. తన్వీర్ వైరు కొద్దిగా కదిపాడు. గీత మళ్లీ కదిలింది.

డిజైన్ల సాఫ్ట్‌వేరు ఎక్కించాక ఫైలు తెరుచుకుంది. అంచు ఉంది. కొంగు ఉంది, సగం. మాలతి వేళ్లు మీటల మీదికి వెళ్లి, పాతదాంట్లో ఊడిపోయిన మీటల చోట అలవాటుగా ఆగాయి. ఇక్కడ అన్నీ ఉన్నాయి. ఒక గడి నింపింది. ఇంకోటి నింపింది. గింజ వచ్చింది.

లక్ష్మీదేవమ్మ కొత్త కాడ సర్దుకుని తెర మీదికి వంగింది. "జొన్నలేనా?"

"జొన్నలే అత్తమ్మ."

"చీర మీద జొన్నలా?"

"బాగలెవ్వా?"

"ఆకలైతుంది చూస్తుంటె."

మాలతి నవ్వింది. ల్యాప్‌టాప్ పోయిన తర్వాత ఆమె నవ్వడం ఇదే మొదటిసారి. శ్రవణ్ కూడా నవ్వబోయాడు, ఎందుకో ధైర్యం చాలలేదు.

అప్పుడు మాలతి ఫోన్ మోగింది. ప్రశాంత్. అతని గొంతు దుకాణమంతా వినిపించింది. మగ్గాల చప్పుడు మధ్య మాట్లాడే మనిషి, మెల్లగా మాట్లాడటం రాదు.

"అక్కా, శనివారం దాక నాతోని కాదు. చీరలు కొనేటోళ్లు ఈ సాయంత్రమే గద్వాలకు వస్తుండ్రు. ఇంకో డిజైనరాయన నెమళ్లు వట్టుకుని పొద్దుగాలనే వచ్చి కూసున్నడు. నీది అయ్యిందా?"

మాలతి తెర వైపు చూసింది. సగం కొంగు. మూలన బ్యాటరీ గుర్తు, అదీ సగమే.

"అయితది," అంది. "వాళ్లు వచ్చేలోపల నేనే వట్టుకుని వస్త. నెమళ్లను జర ఆపు తమ్మీ."

"ఎంత సేపని ఆపాలె అక్కా?"

"నేనొచ్చేదాక."

ఫోన్ పెట్టేసరికి లక్ష్మీదేవమ్మ లేచి నిలబడి చీర దులుపుకుంటోంది. "గద్వాల బస్సు ఏడ ఆగుతది? నేను గూడ వస్త. నెమళ్లాయన మొకం చూడాలె."

"బస్సుల గీస్తవా బిడ్డా?" అన్నాడు కురుమయ్య.

"గీస్త మామా. కూసోను సీటు దొరికితే."

కురుమయ్య తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో పెబ్బేరు నుంచి గద్వాల దాకా ఆయనను మించినవాడు లేడు. "ముంగట సీటు వడ్త. కుదుపు తక్కువుంటది," అని, ఆ వయసులో ఎవరూ పెట్టకూడని పరుగు పెట్టి దుకాణం మెట్లు దిగాడు.

తన్వీర్ ల్యాప్‌టాప్‌ను ఊరికే ఇచ్చిన సంచిలో పెట్టి, చార్జరు పైన పెట్టాడు. మాలతి సంచి భుజానికి తగిలించుకుంది.

అప్పుడు శ్రవణ్ కుమార్ జేబులోంచి 'టింగ్' మని వినిపించింది.

మాలతి ఆగింది. లక్ష్మీదేవమ్మ ఆగింది. ఆ మోత ఎందుకు వస్తుందో తెలియని ఉమేరా కూడా, వాళ్ల ముఖాలు చూసి ఆగింది. శ్రవణ్ చేయి అతని ప్రమేయం లేకుండానే జేబులోకి వెళ్లింది.

బయట గద్వాల బస్సు హారన్ కొట్టింది. వీధిలోంచి కురుమయ్య వెనక్కి తిరిగి, కొడుకు చేయి ఎక్కడుందో చూశాడు. గొంతు చించుకుని అరిచాడు.

"శ్రవణూ! దాని దిక్కు చూడొద్దు రా!"

శ్రవణ్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఫోన్ మాత్రం సగం బయటికి వచ్చింది.